బారువ తీరాన ఏడాది పొడవునా ఉండేలా ఇల్లు కట్టుకోవాలంటే

జనవరిలో శ్రీకాకుళం జిల్లా బారువకు వచ్చి స్థలం చూసి, ఆ సాయంత్రమే అడ్వాన్స్ చేతిలో పెట్టేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. జనవరిలో బారువ నచ్చనిది ఎవరికి? కొబ్బరితోటల్లోంచి చల్లగాలి, నునుపైన ఇసుక. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోట నిలబడితే అక్కణ్ణించి కదలబుద్ధి కాదు. మేమూ అలాగే పడిపోయాం. ఇక్కడ ఏడాదంతా కాపురం ఉండాలంటే మాత్రం కొనేముందు ఇంకో రెండుసార్లు రండి, మే నెలలో ఒకసారి, అక్టోబరు చివర్లో ఒకసారి. మేలో చుట్టుపక్కల నూతుల్లో నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. అక్టోబరులో పెద్దవాన కురిసిన మర్నాడు ఆ స్థలంలో నీళ్లు ఎంతసేపు నిలుస్తున్నాయో, అక్కడికి వెళ్లే దారి ఏమైందో చూడండి.

కాగితాలు ముందే తేల్చుకోవాలి. పోటు నీళ్లు ఎక్కువలో ఎక్కువ ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత నుంచి లోపలికి 500 మీటర్ల మేర, తీరంలో కట్టడాలను అదుపుచేసే సీఆర్‌జెడ్ నిబంధనలు ఉంటాయి. అందులోనూ నీటి దగ్గరి భాగంలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. సముద్రపు పోటు ఎక్కే ఏటి ఒడ్డుకూ ఇలాంటి హద్దులే ఉన్నాయి. చవగ్గా దొరికే స్థలం చాలాసార్లు ఆ హద్దులోనే ఉంటుంది. సర్వేయర్‌తో కొలిపించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూమేమో చూడండి. ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ ఒక్కటీ చూసి ధైర్యపడకండి.

ఇక నీళ్లు. మేం చేసిన మొదటి తప్పు బోరు. లోతుకు వెళ్లేకొద్దీ మంచినీళ్లు పడతాయనుకున్నాం. రెండో ఎండాకాలానికి కందిపప్పు ఉడకడం మానేసింది, టీ ఉప్పగా తగిలింది. పక్కతోట తాతగారు వచ్చి ఒక గుక్క తాగి ఉమ్మేశారు. "బోరు మూసెయ్యమ్మా. నుయ్యి తవ్వించుకో. పైనీరు నెమ్మదిగా తోడుకుంటే మంచినీళ్లే వొస్తాయి" అన్నారు.

ఆయన చెప్పిందే నిజం. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కాబట్టి కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుందని లెక్క. అదే మనం ఎడాపెడా తోడి ఆ ఒక్క అడుగూ దింపేస్తే, అడుగునున్న ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చేస్తుంది. అందుకే లోతు తక్కువ నుయ్యి, సిమెంటు ఒరలతో, చిన్న మోటారుతో. మేం ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మించి వెయ్యం. డాబా మీద వాననీళ్లన్నీ గొట్టంతో నూతి పక్కనున్న ఇంకుడుగుంతలోకి పోతాయి.

తాపీపని విషయంలో మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగకండి. మా వంటింటి సన్‌షేడ్‌కు మొదట వెంట్రుకంత బీట వచ్చింది. రంగు వేసి మూసేశాం. కొన్నాళ్లకు ఆ బీట వెంట ఎర్రటి మరక దిగింది. ఒకరోజు అరచేతంత పెచ్చు ఊడి గచ్చు మీద పడింది. లోపల చూస్తే ఊచ మడతకాజా పొరల్లా విచ్చుకుని ఉంది. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగితే ఇనుము తుప్పు పడుతుంది, తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. ఆ ఊచ మీద అరంగుళం కాంక్రీటు కూడా లేదు. తీరప్రాంతానికి కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఎం30 రకం కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల మందం, అంటే దాదాపు పావు తక్కువ రెండంగుళాలు. స్లాబ్ వేసే రోజు ఎన్ని పనులున్నా అక్కడే ఉండండి. ఊచల కింద రాతిముక్కలు కాకుండా సరైన కొలత కవర్ బ్లాకులు పెట్టారో లేదో టేపుతో కొలవండి. ఊరికే వస్తుంది కదా అని సముద్రపు ఇసుక కలపనివ్వకండి, ఏటి ఇసుకే తెప్పించండి. కలపడానికీ, తడపడానికీ ఉప్పునీళ్లు వద్దు.

కిటికీలకు ఇనుప గ్రిల్స్ పెట్టించి రెండేళ్లకే మార్చాం. స్టీలే కదా అని 304 రకం కొన్నా టీ రంగు మరకలు వస్తాయి, 316 అడిగి తీసుకోండి. మడతబందులు, గడియలు, ఏసీ బయటి పెట్టె, వీటన్నిటినీ మేం ప్రతి ఆదివారం మంచినీళ్లతో కడుగుతాం. రంగులు, మరమ్మతులు మే నెలలో పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం, ఆ రోజుల్లో ఎండుచేపలే దిక్కు.

అక్టోబరు వస్తే తుఫానుకు సిద్ధంగా ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈశాన్యం నుంచి కొట్టిన గాలి, తర్వాత దక్షిణం నుంచి కొట్టింది. సముద్రం వైపు తలుపులకే అడ్డుపలకలు పెట్టుకున్నాం, రెండోవైపు కిటికీ ఊడిపోయింది. కాబట్టి నాలుగువైపులా బిగించుకోండి. గాలి ఒక్కసారిగా ఆగినా బయటికి వెళ్లకండి, రెండోవైపు నుంచి మళ్లీ అందుకోవచ్చు. సెప్టెంబరు అయ్యేలోగా ఇంటి మీదికి వాలిన కొబ్బరిమట్టలు, ముదిరిన గెలలు దింపించండి. హెచ్చరిక రాగానే డాబా మీది ట్యాంకు నిండా నింపండి, ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది. తిత్లీ తర్వాత మాకు కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది, నూతికి గిలకా చేదా ఉండబట్టి సరిపోయింది. మోటారు ఉంది కదా అని ఆ గిలక తీసేయకండి.

చలికాలం వెళ్తుండగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఇసుకలోంచి బయటపడ్డ పిల్లలు వెలుగున్న వైపే నడుస్తాయి, ఇంటి దీపం చూసి సముద్రమనుకుని ఇటే వచ్చేస్తాయి. ఒక తెల్లవారుజామున మా గుమ్మం ముందు, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దవి, పదకొండు పిల్లలు కనిపించాయి. వెంటనే అటవీశాఖ వాళ్లకు కబురు పెట్టాం. ఆ రోజే సముద్రం వైపు లైటుకు రేకు అడ్డం పెట్టించాం. జనవరి నుంచి మే దాకా రాత్రి ఎనిమిది దాటితే ఆ లైటు వెయ్యం, అటువైపు కిటికీలకు మందపాటి తెరలు దించేస్తాం. మీ ఇంటికి వైరింగ్ చేయించేటప్పుడే ఆ వైపు లైట్లకు విడిగా ఒక స్విచ్ పెట్టించుకోండి.