‘కాసేపు ఆగు’ అనే బదులు

కంటపడిన వస్తువు అప్పటికప్పుడే కావాలని నాలుగైదేళ్ల పిల్లలు పేచీ పెట్టినప్పుడు, ‘కాసేపు ఆగు’ అన్న మాట వారి చెవికెక్కదు. ఆ కాసేపు ఎంతసేపో వారికి తెలియదు కదా. మా ఇంట్లో పనిచేసిన ఉపాయం ఇది. రెండు నిమిషాల ఇసుక గడియారాన్ని పిల్లల ఎదుట తిప్పి పెట్టి, కోరిన వస్తువును మూతవేసి కనబడకుండా ఉంచి, ‘ఇసుకంతా జారాక తీసుకుంటాను’ అని వారి నోటితోనే పైకి చెప్పించాలి. రోజూ ఒకే సందర్భంలో, ఉదాహరణకు భోజనానికి ముందు, ఇలా చేయించి, వారం తరువాత రెండుసార్లు తిప్పవచ్చు.

సందర్భం మారితే మాత్రం మళ్లీ మొదటినుంచి అలవాటు చేయవలసిందే. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో జపాన్‌లోని క్యోటో పిల్లలు తినుబండారం కోసం, అమెరికాలోని బౌల్డర్ పిల్లలు కానుక కోసం ఎక్కువసేపు ఆగారు. అందరూ కూర్చున్నాకే తినడం మొదటివారికి, కానుకను వెంటనే విప్పకపోవడం రెండోవారికి ఇంటి అలవాట్లు.

మరీ ఆకలిగానో నిద్రమత్తులోనో ఉన్న పిల్లల దగ్గర ఇది పనిచేయదు. ఇసుక జారిపోయాక కూడా ‘ఇంకొంచెం’ అని పెద్దలు ఒక్కసారి మాట తప్పినా, మరునాడు ఆ గడియారం వంక పిల్లలు చూడను కూడా చూడరు.