బ్రైటెనింగ్ ఫేస్ మాస్క్: వేయడం ఎవరికైనా వచ్చు, తీయడమే రాదు

మాస్క్ పూర్తిగా ఎండి, నవ్వితే పెళ్లలు పెళ్లలుగా రాలే దాకా కదలకుండా కూర్చునేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తర్వాత దాన్ని గోళ్లతో గోకి, పరపరా రుద్ది, ఎర్రబడ్డ చెంపలను అద్దంలో చూసుకుని గ్లో వచ్చిందని మురిసిపోతారు. అది గ్లో కాదండీ, చర్మం కందిపోయింది.

ముందే ఒక మాట. బ్రైటెనింగ్ అంటే తెల్లబడటం కాదు. మీ రంగు ఏదైనా, అది ముఖమంతా ఒకే తీరుగా ఉండటం. మొటిమ మానాక మిగిలిన మచ్చ, ఎండకు నల్లబడ్డ చోటు చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోవాలి, అంతే. వారంలో రంగే మార్చేస్తామనే క్రీముల జోలికి వెళ్లకండి. అలాంటి కొన్నింట్లో పాదరసం, స్టెరాయిడ్లు బయటపడ్డాయి.

కావలసినవి

మాస్క్, ఘాటు లేని ఫేస్‌వాష్, మెత్తటి నూలుగుడ్డ, మాయిశ్చరైజర్, టైమర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ రాసుకునే ఓపిక లేకపోతే మాస్క్ కొనడమే దండగ.

మాస్క్ డబ్బా వెనక చూడండి. విటమిన్ సి, కోజిక్ ఆసిడ్ ఉంటే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవడానికి కావాల్సిన టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను అవి నెమ్మదింపజేస్తాయి. నియాసినమైడ్ ఆ రంగు పైకణాలకు చేరకుండా అడ్డుపడుతుంది. గ్లైకాలిక్, లాక్టిక్ ఆసిడ్లు పైనున్న మృతకణాలను వదిలిస్తాయి. మొదటిసారి వాడేవాళ్లు నియాసినమైడ్‌తోనే మొదలుపెట్టాలి. అన్నీ కలిపి కుక్కిన మాస్క్ వద్దు, మండితే దేనివల్ల మండిందో తెలియదు.

నిమ్మరసం సంగతి అడుగుతారని తెలుసు. వద్దు. చర్మం పీహెచ్ సుమారు 5 అయితే నిమ్మరసానిది 2 దగ్గర; ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు ఎక్కువని లెక్క. పైగా అది ముఖం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, ఆ చోట గోధుమరంగు మరకలు పడొచ్చు. అవి నెలల తరబడి పోవు. ఇంట్లోదే కదా అని ముఖం దానికి అప్పజెప్పకండి.

వేయడం

కొత్త మాస్క్ అయితే ముందు దవడ కింద కొంచెం రాసి, చెప్పిన టైముకు కడిగేసి, రెండు రోజులు చూడండి. దురద, పొక్కులు లేకపోతే ముందుకెళ్లండి. రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీములు వాడేవాళ్లు రెండు రాత్రుల ముందే ఆపాలి. షేవింగ్, వ్యాక్సింగ్ చేసుకున్న రోజు అసలు వద్దు.

రాత్రిపూటే వేసుకోవాలి. ముఖం కడిగి, తడి అద్దుకుని, కళ్లకూ పెదవులకూ వేలెడు దూరం వదిలి, అంతటా ఒకే మందంతో పూయండి. బ్రష్ వద్దు, వేళ్లు చాలు. బ్రష్‌తో వేస్తే అంచుల్లో పలచబడుతుంది. ఫ్యాన్ ఆపేయండి.

తీయడం: అందరూ తప్పేది ఇక్కడే

క్లే మాస్క్‌కు, అంటే మట్టితో చేసినదానికి, మూడు దశలు. మొదట తడిగా ఉంటుంది. తర్వాత వేలు ఆనిస్తే అచ్చు పడి, కాస్త వేలికి అంటుతుంది. ఆ తర్వాత రంగు వెలిసి, పగుళ్లిచ్చి, చర్మాన్ని బిగబట్టేస్తుంది. రెండో దశలోనే తీసేయాలి. మూడోదాకా ఆగితే లాభం ఏమీ పెరగదు, చర్మం మాత్రం పొడిబారి చిరాకు పడుతుంది.

అంతటా ఒకేసారి ఆరదు, అదీ చిక్కు. ముక్కు పక్కన ఇంకా మెరుస్తూ ఉండగానే దవడ అంచు వెలిసిపోతుంది. చూడాల్సింది ఆ అంచునే, ముక్కును కాదు. అంచు తెల్లబడటం మొదలైందంటే, డబ్బా మీద 15 నిమిషాలని ఉన్నా మీకు ఎనిమిదికే టైం అయిపోయినట్టు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చర్మం కందితే, గీసుకుపోతే, అది మెలనిన్ ఎక్కువ తయారుచేస్తుంది. చామనఛాయ, నల్లటి చర్మంలో ఇది మరీ ఎక్కువ. మచ్చలు పోవాలని వేసిన మాస్కే కొత్త మచ్చ పెడుతుందన్నమాట. ఒకసారి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయి, ఎండిన పొరను ఎడమ చెంప మీద గోటితో లేపాను. కందిగింజంత మరక. మూడు నెలలు నాతోనే ఉంది.

కాబట్టి గోకొద్దు, పొడిగా రుద్దొద్దు. గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, ముఖం మీద కప్పి నిమిషం ఆగండి. మాస్క్ మెత్తబడి జారుతుంది. అప్పుడు నీళ్లు పోసుకుంటూ వేళ్ల కొసలతో తీయండి. ముక్కు మడతల్లో, జుట్టు అంచున మిగిలితే మళ్లీ గుడ్డ వేయండి, గోరు మాత్రం వద్దు. వేడినీళ్లూ వద్దు.

ఆసిడ్ మాస్క్‌లకు ఆరడం గుర్తు కాదు, గడియారమే గుర్తు. ఐదు నిమిషాలంటే ఐదే. కాస్త చురుక్కుమని తగ్గితే ఫరవాలేదు, మంట పెరుగుతుంటే టైమర్‌తో పని లేకుండా కడిగేయండి. మండితేనే పనిచేస్తున్నట్టు అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల పాడైన ముఖాలు చాలా చూశాను. షీట్ మాస్క్ ఇంకా తడిగా ఉండగానే తీసేయాలి. పీల్-ఆఫ్ మాస్క్‌లు నా దృష్టిలో మాస్క్‌లే కాదు, వెంట్రుకలు పీకే జిగురు.

తర్వాత

ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. ఆ రాత్రికి ఇంకే సీరమూ వద్దు. పొద్దున సన్‌స్క్రీన్ తప్పనిసరి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వాడండి. మామూలు వెలుగుకు కూడా మంగు ముదురుతుంది, రంగులేనివి దాన్ని సరిగా ఆపలేవు. మంగు తగ్గకపోయినా, ఏదైనా మచ్చ ఆకారం మారుతున్నా చర్మ డాక్టర్‌కు చూపించండి. గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

వారానికి ఒక్కసారి చాలు. పైచర్మం కొత్తదవడానికే నెల, ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అందుకే 8 నుంచి 12 వారాల లోపు తేడా వెతకొద్దు. రోజూ అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫొటో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. తీసేముందు ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేయండి.