మిల్లు మూతపడేలోపే ఊరు చేసుకోవాల్సిన పనులు: ఒక స్టోర్స్ క్లర్క్ మాట

పేపర్ మిల్లు మూతపడబోతోందన్న సంగతి జనరల్ మేనేజర్ కన్నా ముందు స్టోర్స్‌లోని అల్మారాలకు తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లు నేను ఆ అల్మారాల మధ్యే కూర్చున్నాను. మా మిల్లు ఆగి చాలాకాలమైంది. తర్వాత ఎక్కడ ఏ పేపర్ మిల్లు గురించి పుకారు లేచినా, అక్కడ పనిచేసేవాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇప్పుడేం చేయాలని అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

పుకారా, నిజమా?

మిషన్ మీద తడి కాగితంలోంచి నీళ్లు పిండే చోట దాని కింద ఒక మందపాటి నేత గుడ్డ తిరుగుతుంటుంది. ఫెల్ట్ అంటాం. దాన్ని ఆ మిషన్ కొలతకే నేసి పంపుతారు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. వారాల తరబడి తిరిగి అరిగిపోతుంది. ఆర్డరిస్తే రావడానికి నెలలు పట్టొచ్చు. అందుకే స్టోర్స్‌లో ఎప్పుడూ ఒకటో రెండో కొత్తవి ఉండి తీరాలి. మూడో నంబర్ మిషన్‌కి సంబంధించిన చివరి పెట్టె తెరిచిన రోజున నేను మామూలుగానే ఇండెంట్, అంటే సరుకు తెప్పించమనే చీటీ, రాసి పైకి పంపాను. నాలుగు రోజులకు తిరిగొచ్చింది. మార్జిన్‌లో "ఉన్నదాంతో లాగించండి" అని పెన్సిల్‌తో రాసి ఉంది, కింద సంతకం లేదు. అప్పటినుంచి ఫెల్ట్‌లు ఒక్కొక్కటే, అదీ మిషన్ మీదున్నది చిరుగు పట్టాకే, తెప్పించారు. ఏడాది తిరక్కుండానే మిల్లు ఆగింది.

కాబట్టి స్టోర్స్‌లో పనిచేసేవాళ్లతో మాట్లాడండి. నెలల తరబడి అప్పు మీద సరుకిచ్చిన సప్లయర్లు ఇప్పుడు డబ్బు కట్టాకే లారీ కదుపుతామంటున్నారా? సున్నపు బట్టీ లోపలి ఇటుకల పని రెండోసారి కూడా వాయిదా పడిందా? రిటైరైన ఫిట్టర్ కుర్చీ ఖాళీగానే ఉందా? ఈ మూడింటిలో రెండు నిజమైతే టెన్షన్ పడాల్సిందే. రెండు వారాలు ఒక మిషన్ ఆపారని మాత్రం కంగారు పడకండి. గిరాకీ తగ్గినప్పుడు గోడౌన్ నిండకుండా అలా ఆపడం అన్ని మిల్లుల్లోనూ ఉంది.

మీ మిల్లు ఏ కాగితం చేస్తుందో కూడా చూసుకోవాలి. అట్టపెట్టెల కాగితానికి, టిష్యూకి గిరాకీ ఉంది. పత్రికల కాగితానికి, ఆఫీసు ప్రింటింగ్ కాగితానికి ఏటికేడూ తగ్గుతోంది. కంపెనీ లాభాల్లో ఉంది కదా, మూయదులే అనుకోవడం నేను విన్న ఓదార్పుల్లోకెల్లా ప్రమాదకరమైంది. ఫిన్లాండ్‌లో యూపీఎం కంపెనీ లాభాల్లో ఉండగానే 2020 చివర కైపోలాలోని మిల్లు మూసేసింది. అక్కడ చేసేది పత్రికల కాగితం. సుమారు 450 ఉద్యోగాలు పోయాయి. కంపెనీ లాభం వేరు, మీ మిషన్ లాభం వేరు. కొత్త మిషన్లు నిమిషానికి దాదాపు 2 వేల మీటర్ల వేగంతో తిరుగుతుంటే, మీది అందులో సగం కూడా లాగలేకపోతే, ఎవరిని ముందు ఆపుతారో ఊహించుకోవచ్చు.

"తాత్కాలికం" అంటే ఏమని అడగాలి

నోటీసులో ఈ మాట ఉంటుంది. దాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి బాయిలర్ హౌస్‌లోకి వెళ్లి రెండు ప్రశ్నలడగండి.

మొదటిది: బ్లాక్ లిక్కర్ ఏం చేశారు? చెక్క ఉడికించాక మిగిలే నల్లటి ద్రవం అది. చిక్కగా కాచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. అలా మిల్లుకు ఆవిరీ వస్తుంది, వాడిన రసాయనాలూ తిరిగి చేతికొస్తాయి. వేడిగా ఉన్నంతసేపే అది పారుతుంది. చిక్కటి లిక్కర్‌ను పైపుల్లో అలాగే వదిలేసి చల్లారనిస్తే రాయిలా బిగుసుకుంటుంది. మళ్లీ తెరవాలనుకునేవాడు పైపులు కడిగి, బాయిలర్ ట్యూబులు తుప్పు పట్టకుండా శుద్ధిచేసిన నీళ్లతో నింపి ఉంచుతాడు, లేదా పూర్తిగా ఆరబెట్టి గాలి చొరబడకుండా బిగిస్తాడు.

రెండోది: రోళ్లు తిప్పుతున్నారా? రోల్ అంటే మిషన్‌లో కాగితం సాగే పెద్ద రోలర్. టన్నుల బరువున్న రోల్ నెలల తరబడి ఒకే భంగిమలో ఉంటే బేరింగుల్లో గుంటలు పడతాయి. అందుకే కొద్ది రోజులకోసారి ఎవరో ఒకరు వెళ్లి కాస్త కాస్త తిప్పాలి. మా మిల్లు "తాత్కాలికంగా" ఆగిన ఆరోవారం వాచ్‌మన్‌ని అడిగాను. "రోళ్లా? లోపల లైట్లే లేవన్నా" అన్నాడు. ఆ రాత్రే మా ఆవిడతో ఇది ఇక తెరవరని చెప్పేశాను. ఆవిడకి నాకన్నా ముందే తెలుసట.

తెరుచుకున్న మిల్లులూ లేకపోలేదు. కాగితం పేరే ఊరిపేరైన కాగజ్‌నగర్‌లో 2014లో ఆగిన సిర్పూర్ పేపర్ మిల్లు, దివాలా ప్రక్రియలో జేకే పేపర్ చేతికొచ్చి 2018 తర్వాత మళ్లీ తిరిగింది. అస్సాంలో కాచార్ మిల్లు 2015లో, నగావ్ మిల్లు 2017లో ఆగాయి, మళ్లీ తిరగలేదు. జీతాలు రాకపోయినా రేపో మాపో తెరుస్తారనే ఆశతో అక్కడి ఉద్యోగులు ఏళ్లు గడిపారు. నన్నడిగితే ఆశను ఆర్నెల్లకు మించి ఖర్చు పెట్టకూడదు. ఆ ఆర్నెల్లలోనూ వేరే పని వెతుకుతూనే ఉండాలి.

నీళ్లు, మురుగు, పన్ను

చాలామంది ఉద్యోగాల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. ఊరికి అంతకన్నా పెద్ద దెబ్బ పైపుల్లోంచి వస్తుంది. అమెరికాలో నార్త్ కరొలైనాలోని కాంటన్ సంగతి చూడండి. 1908 నుంచి నడిచిన మిల్లు 2023లో ఆగింది, వెయ్యి దాకా ఉద్యోగాలు పోయాయి. ఊరి జనాభా నాలుగున్నర వేలు కూడా లేదు. అంతకుముందు దాకా ఆ ఊరి మురుగునీటిని శుద్ధిచేసింది మిల్లులోని ప్లాంటే. మిల్లు పోతే రేపు మురుగు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఊరి నెత్తిన పడింది.

మూత వార్త రాగానే మీ మున్సిపాలిటీని ఈ లెక్కలు అడగండి. ఊరి మొత్తం పన్నులో మిల్లు వాటా ఎంత? తాగునీటి పంపులకు కరెంటు ఎవరిది? మురుగు ఎవరి ప్లాంటుకు పోతోంది, ఆ ఒప్పందం గడువు ఎప్పటిదాకా? ఫైరింజన్ ఎవరిది? మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫైరింజన్ మిల్లుదని తెలిసేసరికి దాన్ని వేలంలో ఎవరో కొనుక్కుపోయారు. ఈ జవాబులు మిల్లులో మేనేజర్లుండగానే రాతపూర్వకంగా తీసుకోవాలి. వాళ్లు బదిలీ అయి వెళ్లిపోయాక ఫోన్లెత్తరు.

ఇంట్లో చేసుకోవాల్సినవి

సర్వీసు సర్టిఫికెట్, జీతం స్లిప్పులు, పెన్షన్ ఖాతా కాగితాలు, బాయిలర్ లేదా క్రేన్ నడిపే లైసెన్సు ఉంటే దాని నకలు, మిల్లు చేయించిన చెవి, ఊపిరితిత్తుల పరీక్షల రిపోర్టులు: ఇవన్నీ గేటు తెరిచి ఉండగానే తెచ్చుకోండి. చెవుడు నలభైలో తెలియదు, అరవైలో తెలుస్తుంది. అప్పుడు ఆ రిపోర్టు ఎవరిస్తారు?

సంతకం విషయంలో నా తప్పు చెప్తాను. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద క్యూలో నిలబడి, వెనకవాళ్లు తోస్తుంటే, చదవకుండా సంతకం పెట్టాను. నకలు అడగలేదు. రావాల్సిన ఓవర్‌టైమ్ బకాయి అందులో లేదని ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్లు ప్రతి నట్టుకీ బోల్టుకీ మూడు కాపీలు రాసినవాణ్ణి, నా కాగితానికి ఒక్క కాపీ ఉంచుకోలేదు.

ఇల్లు మొదటి మూడు నెలల్లో అమ్మకండి. అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు కాబట్టి ధర పాతాళానికి పోతుంది. సెటిల్‌మెంట్ డబ్బు వచ్చిన నెలలోనే దుకాణం కూడా పెట్టకండి. మీ దుకాణానికి రావాల్సిన జనం జీతాలే కదా ఆగింది.

మిల్లు జీతం లేకుండా మిల్లు మీద బతికినవాళ్లు

వీళ్ల గురించి వార్తల్లో రాదు. అడవిలో కలప కొట్టేవాళ్లు, లారీవాళ్లు, సా మిల్లుల (కలప కోత మిల్లుల) యజమానులు. ఒక దుంగను కోస్తే దాదాపు సగమే పలకలవుతుంది. మిగతాది చిప్స్, పొట్టు, బెరడు. ఆ చిప్స్ కొనేది పేపర్ మిల్లే. అది ఆగితే సా మిల్లు ఆవరణలో చిప్స్ గుట్ట పెరుగుతుంది, పలకల మీద లాభం అక్కడితో ఆవిరవుతుంది. వంకర చెట్లకి, సన్న చెట్లకి కొనేవాడుండడు కాబట్టి అడవి పలచన చేసే పనీ ఆగుతుంది.

లారీ అప్పుమీద కొన్నవాళ్లు బ్యాంకుకు వాయిదా తప్పకముందే వెళ్లి మాట్లాడాలి, తప్పాక కాదు. మిల్లు నుంచి బిల్లులు రావాల్సి ఉంటే, అది దివాలాకు వెళ్లిన రోజునుంచి బాకీ రావాల్సినవాళ్లు క్లెయిమ్ పెట్టుకోవడానికి గడువు నడుస్తుంది. డెలివరీ చలాన్లు, వేబ్రిడ్జి చీటీలు తేదీలవారీగా కట్ట కట్టండి. చీటీ లేని టన్ను తోలనట్టే లెక్క. తనఖా ఉన్న బ్యాంకులు మీకన్నా ముందు వరసలో ఉంటాయి కాబట్టి మొత్తం వస్తుందని లెక్కేసుకోకండి.

స్థలం ఎవరి చేతికి పోతోంది?

కంపెనీ స్థలం అమ్మేటప్పుడు అక్కడ మళ్లీ కాగితం తయారుచేయకూడదని దస్తావేజులో షరతు పెట్టడం ఉంది. పోటీ రాకుండా అన్నమాట. ఆ షరతు పడకముందే ఊరు గొడవ చేయాలి. తుక్కు వ్యాపారి చేతికి పోతే మొదట పోయేది రాగి, దాంతోపాటే సబ్‌స్టేషన్ ప్రాణం. కరెంటు లైను, నీటి హక్కు, రైలు సైడింగ్ (మిల్లులోకి వచ్చే పట్టాలు), ఈ మూడూ నిలబడితే కొత్తవాడికి ఆ స్థలంలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఫిన్లాండ్‌లోని హమీనాలో 2008లో మూతపడ్డ సుమ్మా మిల్లును మరుసటి ఏడాది గూగుల్ కొని డేటా సెంటర్ చేసింది. మిల్లు కోసం తవ్విన సముద్రపు నీటి సొరంగమే ఇప్పుడు కంప్యూటర్లను చల్లబరుస్తోంది. మిల్లులో పనిచేసినంతమందికి డేటా సెంటర్లో పని ఉండదు, ఆ తేడా మాత్రం మర్చిపోకండి.

పాత భవనాల్లో ఆస్బెస్టాస్, బురద చెరువులు, బూడిద దిబ్బలు ఎవరు శుభ్రం చేయాలో కూడా అమ్మకం కాగితంలోనే రాయించాలి.

చివరగా డ్రాయింగులు. మా స్టోర్స్ వెనక గదిలో ఇనుప అల్మారా ఒకటి ఉండేది. ఊరి కింద పరిచిన ప్రతి పైపు, ప్రతి వాల్వు నీలం కాగితాల మీద గీసి అందులో ఉండేవి. వేలంలో అల్మారాకు ఒకడు పాట పాడాడు. లోపలి కాగితాలను చిత్తుకాగితాల కింద తూకానికిచ్చేశారు. రెండేళ్లకు నీళ్ల పైపు పగిలింది, ఆపాల్సిన వాల్వు ఎక్కడుందో మున్సిపల్ ఇంజినీరుకి తెలియలేదు. నా దగ్గరికొచ్చాడు, నాకూ తెలియదు. ఇద్దరం కలిసి రిటైరైన పైప్‌ఫిట్టర్ ఇంటికెళ్లాం. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు. మిల్లు గోడ మూలనుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒకచోట ఆగి కర్రతో నేలమీద కొట్టి, "ఇక్కడ తవ్వు బాబూ" అన్నాడు.