ఆవకాయ నుంచి అలిపిరి మెట్ల దాకా: జాబితాలో కదలని పనులకు కారణాలు, పరిష్కారాలు

జీవితంలో ఒక్కసారైనా చేసి తీరాలనుకున్న పనులను పుస్తకంలో రాసి పెట్టుకునేవారు మనలో చాలామందే ఉంటారు. నా పుస్తకంలో 31 పనులు ఉన్నాయి. వాటిలో 18 వంటింటివి: ఆవకాయ, మాగాయ, అరిసెలు, పూతరేకులు, జొన్న రొట్టె, బూడిద గుమ్మడికాయ వడియాలు వగైరా. మిగిలినవి తిరుమల కొండ నడిచి ఎక్కడం, ఈత నేర్చుకోవడం, గండికోట లోయ చూడటం వంటివి. మొదటి ఆరేళ్లలో మూడింటిని మాత్రమే కొట్టివేయగలిగాను. ఆ తర్వాత ఒకనాడు కూర్చుని ఏ పని ఎక్కడ ఆగిపోయిందో పక్కన రాసుకుంటూ వెళ్లాక, అంతకాలం బద్ధకం అనుకున్నదాని వెనక పనికొక చిన్న లోపం ఉందనీ, చాలా లోపాలు సరిచేయదగినవేననీ అర్థమైంది. ఆ లోపాలను, వాటి కారణాలను, నాకు పనికొచ్చిన పరిష్కారాలను ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: ఏళ్లు గడుస్తున్నా జాబితాలో ఒక్క గీతా పడదు

కారణం చాలాసార్లు రాసిన తీరులోనే ఉంటుంది. "సంప్రదాయ వంటలన్నీ నేర్చుకోవాలి" అని రాసుకుంటే అది కోరిక అవుతుంది కానీ పని కాదు, ఎందుకంటే రేపు పొద్దున్న లేచి దేనితో మొదలుపెట్టాలో అందులో లేదు. "మే రెండో ఆదివారం మూడు కాయలతో ఆవకాయ పెట్టాలి" అని రాసుకుంటే శనివారం సాయంత్రం బజారుకు వెళ్లి ఏం తేవాలో కూడా తెలిసిపోతుంది. కాబట్టి జాబితాలోని ప్రతి వాక్యానికీ మూడు విషయాలు చేర్చండి: ఎప్పుడు, ఎంత, ఎవరి దగ్గర చూసి. ఈ మూడూ రాయలేకపోయిన పనులను వేరే పేజీలోకి మార్చండి. నా జాబితాలో అలా పక్కకు వెళ్లినవి తొమ్మిది. వాటిని చూసి బాధపడటం ఆ రోజుతో ఆగిపోయింది.

కొలత విషయంలో ఒక మాట. మొదటిసారే పాతిక కాయల ఆవకాయకు, రెండు కిలోల అరిసెలకు దిగవద్దు. మూడు కాయలు చెడితే మూడు కాయలే చెడతాయి, మరుసటి వారం మళ్లీ పెట్టుకోవచ్చు. జాడీ నిండా చెడితే మాత్రం ఆ ఏడాదికి మళ్లీ చేసే మనసు రాదు.

సమస్య: గుర్తొచ్చేసరికి కాలం దాటిపోతుంది

మన ఇళ్లలో నిల్వ వంటకాలన్నీ కాలాన్ని పట్టుకుని ఉంటాయి. ఆవకాయకు, మాగాయకు ఏప్రిల్ చివరి నుంచి తొలకరి లోపల అదను. తొలకరి పడ్డాక కాయ మెత్తబడుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది. అప్పడాలకు, వడియాలకు గట్టి ఎండ కావాలి. ఉసిరికాయ కార్తీకంలో విరివిగా వస్తుంది, పచ్చి చింతకాయ సంక్రాంతి ముందు దొరుకుతుంది. అరిసెలు, సకినాలు, రేగు వడియాలు సంక్రాంతి రోజులవి. దీన్ని మనసులో ఉంచుకుంటే చాలదు. గోడకు వేలాడే క్యాలెండరులో అదనుకు మూడు వారాల ముందే పెన్సిలుతో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే జాడీ కడిగి ఆరబెట్టడానికి, మంచి నువ్వుల నూనె వెతకడానికి, ఆవాలు ఎండబెట్టడానికి కూడా రోజులు పడతాయి.

సమస్య: పెద్దవాళ్లను అడిగితే కొలత చెప్పరు

ఇది అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. మా పెద్దమ్మను "ఉప్పు ఎంత వేయాలి పెద్దమ్మా?" అని అడిగితే "పట్టినంత వెయ్యవే" అనేది. ఆమె దాచడం లేదు. ఆమె కొలత చేతిలో ఉంది, మాటలోకి రాదు, అంతే. ఇంకోసారి అడిగినా అదే జవాబు వస్తుంది కాబట్టి అడగడం మాని తూచడం మొదలుపెట్టాలి.

వంటింటి డిజిటల్ తూకం ఒకటి దగ్గర పెట్టుకోండి. వంట మొదలయ్యే ముందు ఉప్పు డబ్బాను, కారం డబ్బాను, నూనె గిన్నెను విడివిడిగా తూచి రాసుకోండి. ఆమెను ఏమీ అడగకుండా, చెయ్యి ఆపకుండా, తన పద్ధతిలో చేయనివ్వండి. పని పూర్తయ్యాక అవే డబ్బాలను మళ్లీ తూస్తే వచ్చే తేడాయే ఆమె కొలత. నేను ఒక వేసవిలో మా పెద్దమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆమె గుప్పిట తీసిన ఉప్పును మూడుసార్లు విడిగా తూస్తే, మూడుసార్లూ 42 గ్రాములకూ 45 గ్రాములకూ మధ్యనే నిలిచింది. ఆ అంకె చూసి "నా చేతికి కూడా లెక్కుందటే!" అని మురిసిపోయింది. అయితే మూడు గుప్పిళ్లు వేశాక ఆమె వేళ్లకు అంటిన ఉప్పును బేసిన్ అంచున దులిపి, ఒక ముక్క తీసి నాలుక మీద పెట్టుకుని, మరో చిటికెడు వేసింది. ఆ చిటికెడు కూడా రాసుకోవాలి, అది ఎప్పుడు వేసిందో కూడా రాసుకోవాలి.

తూకానికి అందనివి కొన్ని ఉంటాయి. పాకం ఉడికే చప్పుడు, పోపులో మెంతులు ఎర్రబడే రంగు, పిండి జారే తీరు. వీటికి ఫోనులో వీడియో తీసుకోవడమే మార్గం. మనిషి ముఖం కంటే గిన్నె మీద, చేతుల మీద కెమెరా నిలపండి, పక్కన టీవీ కట్టేయండి.

సమస్య: పెట్టిన ఆవకాయ చెడింది

పైన బూజు పడితే కారణం సాధారణంగా తడి, లేదా ఉప్పు తగ్గడం, లేదా ముక్కలు నూనెలో మునగకపోవడం. కాయలను కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాకే కొట్టించాలి. కొట్టిన ముక్కలను కడగకూడదు. లోపలి జీడిని, దానిని అంటిన పల్చటి పొరను తీసివేసి, ఒక్కో ముక్కను పొడి గుడ్డతో తుడవాలి. మా ఇంటి కొలత ఐదు గిన్నెల ముక్కలకు ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె దంచిన ఉప్పు, ఒకటిన్నర గిన్నెల నువ్వుల నూనె. మూడో రోజున తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె ముక్కల పైకి తేలిందో లేదో గమనించాలి. తేలకపోతే నూనె కాచి, పూర్తిగా చల్లారిన తర్వాత పోయాలి. ఇక బూజు కనిపించిన పచ్చడిని పైపైన తీసి తినడం మంచిది కాదు, ఎందుకంటే కంటికి కనిపించని పోగులు లోపలికి కూడా దిగి ఉంటాయి. పారవేయడానికి మనసు ఒప్పదని తెలుసు, అయినా పారవేయండి.

చేదు వస్తే ముందు ఆవపిండిని అనుమానించాలి. మిక్సీలో ఆపకుండా తిప్పితే ఆవపిండి వేడెక్కి చేదెక్కుతుంది. ఆవాలను ఎండలో పెట్టి, చల్లారనిచ్చి, కొద్దికొద్దిగా ఆగి ఆగి తిప్పాలి. మెంతులు ఎక్కువైనా చేదే. కొత్త ఆవకాయలో కొద్దిపాటి చేదు సహజం, ఊరేకొద్దీ తగ్గుతుంది కాబట్టి కొన్ని వారాలు ఓపిక పట్టండి.

ముక్క మెత్తబడితే కాయ ఎంపికలో పొరపాటు జరిగి ఉంటుంది. టెంకె గట్టిపడి, పులుపూ పీచూ ఉన్న కాయ కావాలి. ఆ జాడీకి మందు లేదు, దాన్ని ముందుగా తినేయడమే. వచ్చే ఏడు కొట్టించే ముందు ఒక కాయను కోసి, టెంకె చూసి, మిగతావి కొనండి.

సమస్య: అరిసె నూనెలో విడిపోతుంది, లేదా రాయిలా గట్టిపడుతుంది

రెండిటికీ మూలం పాకమే. లేత పాకంలో పిండి కలిపితే నూనెలో వేయగానే అరిసె విచ్చిపోతుంది. ముదురు పాకమైతే చల్లారాక పంటికి లొంగదు. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో పాకం చుక్క వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కావాలి. కరిగిపోతే ఇంకా సమయం ఉంది, పళ్లేనికి కొట్టినప్పుడు టంగుమంటే దాటిపోయింది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం మా లెక్క.

పిండి కూడా అంతే ముఖ్యం. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడగట్టి, చేతికి తడి తెలుస్తుండగానే పట్టించాలి, పట్టించిన పిండిని ఆరనివ్వకూడదు. బజారులో దొరికే పొడి బియ్యప్పిండి పాకాన్ని పీల్చేసుకుంటుంది, దానితో ఎంత జాగ్రత్తగా చేసినా అరిసె రాదని నా అనుభవం.

తప్పు జరిగాక చేయగలిగింది: మొదటి అరిసె విడిపోతే మిగతా చలిమిడిలో కొద్దిగా తడిపిండి కలిపి మళ్లీ ఒకటి వేసి చూడండి. చలిమిడి బిగిసిపోతే గోరువెచ్చని పాలు చెంచా చెంచాగా కలిపి మర్దించండి. అందుకే మొదట ఎప్పుడూ ఒక్కటే వేయాలి. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే మంట తగ్గించాలి, పాకంతో సంబంధం లేదు.

సమస్య: జొన్న రొట్టె అంచులు పగిలిపోతాయి

జొన్నకు గోధుమపిండిలో ఉండే సాగే జిగురు లేదు. కాబట్టి పిండికి పట్టు రావాలంటే మరుగుతున్న నీళ్లు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టగలిగే వేడికి రాగానే అరచేతి మడమతో బాగా మర్దించాలి. పాత పిండికి పట్టు తక్కువ, కొద్దిగా పట్టించుకుని త్వరగా వాడుకోవాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దండి.

సమస్య: ఇడ్లీ పిండి పులవదు

హైదరాబాదు డిసెంబరులోనూ, అంతకంటే ఎక్కువగా న్యూజెర్సీ లాంటి చలి ఊళ్లలోనూ ఇది అందరి ఫిర్యాదే. కారణం చలి. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి బల్బు మాత్రమే వెలిగించి ఉంచండి, లేదా పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టి మూయండి. 12 నుంచి 16 గంటలు పట్టినా కంగారు పడవద్దు.

సమస్య: పనికి తగిన వసతి ఇంట్లో లేదు

పూతరేకుల దగ్గర నేను నాలుగేళ్లు ఆగిపోయాను. కోనసీమలోని ఆత్రేయపురంలో వీటిని చేసే విధానం వేరు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి ఆకులతో మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు లేస్తుంది. ఆ మంట, ఆ కుండ, ఏళ్ల తరబడి అలవాటైన ఆ చేతులు అపార్ట్‌మెంట్ గ్యాస్ పొయ్యి దగ్గరకు రావు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు రావడానికి కూడా ఆ ఊరి నేర్పే ఆధారం. ఇక్కడ పరిష్కారం పనిని చిన్నది చేసుకోవడం. విడి రేకులు కొని తెచ్చుకుని, తడిగుడ్డ మీద పరిచి మెత్తబరిచి, ఇంట్లో కాచిన నెయ్యి, బెల్లం పొడి, జీడిపప్పు చల్లి నేనే మడిచాను. జాబితాలో "పూతరేకులు చేయాలి" అన్నదాన్ని "పూతరేకులు చుట్టాలి, ఆత్రేయపురం వెళ్లి రేకు తీయడం చూడాలి" అని దిద్దాను. మొదటి సగానికి గీత పడింది.

సమస్య: శరీరం సిద్ధంగా లేక మధ్యలో ఆగిపోతుంది

అలిపిరి దారిలో తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. ముందు రోజు దాకా కుర్చీలో కూర్చుని మర్నాడు బయలుదేరితే గాలిగోపురం దగ్గరే మోకాళ్లు మొరాయిస్తాయి. రెండు మూడు నెలల ముందు నుంచి మీరుండే భవనం మెట్లే రోజూ ఎక్కి దిగండి, మోకాళ్ల నొప్పులుంటే వైద్యుడిని అడిగి నిర్ణయించుకోండి.

సమస్య: నేర్పాల్సిన మనిషే లేరు

ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ జాబితాలో ఇలాంటి పని ఒకటైనా లేనివారు తక్కువ. మా నాయనమ్మ చింతకాయ పచ్చడి పద్ధతి ఎవరూ రాసి పెట్టుకోలేదు. సాధారణ పద్ధతి అందరికీ తెలిసిందే: పచ్చి చింతకాయను ఉప్పు, పసుపు వేసి తొక్కి, మూడు రోజులు ఊరనిచ్చి, మళ్లీ దంచి గింజలూ ఈనెలూ తీసి జాడీకి ఎత్తడం, వాడుకునేటప్పుడు మిరపకాయలతో నూరుకోవడం. నాకు తెలియనిది ఆమె రుచి.

వండిన చెయ్యి లేనప్పుడు తిన్న నాలుకలను వెతకాలి. కిలో చింతకాయను మూడు సీసాలకు పంచి, ఉప్పు, మెంతిపిండి మూడింటిలో మూడు రకాలుగా వేసి, మూతల మీద కొలతలు రాసి మా బాబాయి ముందు పెట్టాను. వంటింట్లో ఏనాడూ గరిటె పట్టని మనిషి. మొదటి సీసా పక్కకు తోసేసి, రెండో దాన్ని అన్నంలో కలుపుకుని కళ్లు మూసుకుని, "ఉప్పు ఇదేనమ్మా. మెంతి మాత్రం ఎక్కువైంది. అమ్మ ఇంగువ వేసేది, నువ్వు వేయలేదు" అన్నారు. మెంతి తగ్గించి, ఇంగువ వేసి, ఈ డిసెంబరులో నాలుగో సీసా పెట్టాను. సంక్రాంతికి బాబాయి వచ్చినప్పుడు మూత తీయాలి.