గుడారం ఎటు తిరిగి ఉంది? మెల్లగా వచ్చే శోధన: లక్షణం, కారణం, పరిష్కారం

విశ్వాసి పడిపోయిన రోజు అందరికీ కనబడుతుంది. అంతకు ముందు నెలల తరబడి లోపల జరిగింది ఎవరికీ కనబడదు, చాలాసార్లు అతనికే కనబడదు. యాకోబు పత్రిక 1:14-15 దీన్ని కాన్పుతో పోల్చింది. దురాశ గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది, ఆ పాపం ముదిరి మరణాన్ని కంటుంది. గర్భం మొదట్లో బయటికి తెలియదు. ఆ తెలియని రోజుల్లోనే శోధనను, అంటే పాపం వైపు లాగేదాన్ని, పట్టుకోవడానికి పనికొచ్చే కొన్ని గుర్తులు ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: "ఇందులో తప్పేముంది?" అని మీకు మీరే పదే పదే చెప్పుకుంటున్నారు

రోగిని పరామర్శించడానికి వెళ్తూ ఎవరూ ఈ ప్రశ్న వేసుకోరు. మనసు లోపల ఎక్కడో అభ్యంతరం చెబుతున్నప్పుడే ఇది నోటికొస్తుంది.

కారణం: అబ్రాహాము సోదరుని కొడుకు లోతు కథ చూడండి. ఆదికాండము 13:12లో అతని గుడారం, దుష్టత్వానికి పేరుపడ్డ సొదొమ ఊరి దాకా జరిగింది. 14:12కు వచ్చేసరికి అతని కాపురమే సొదొమలో ఉంది. 19:1లో ఊరి గవిని దగ్గర, పెద్దమనుషులు కూర్చునే చోట కూర్చుని ఉన్నాడు. ప్రతి మజిలీకీ ఒక సబబు ఉంది. మైదానంలో నీళ్ళు సమృద్ధిగా ఉన్నాయి, మందలకు మేత కావాలి. తప్పు అని వేలుపెట్టి చూపించదగ్గ అడుగు ఒక్కటీ దొరకదు. నన్ను ఎక్కువ భయపెట్టేది 2 పేతురు 2:7-8. అక్కడి పనులు చూసి లోతు మనసు దినదినం నొచ్చుకుంటూనే ఉందట. నొచ్చుకుంటూనే అక్కడే ఉన్నాడు. మనమూ అంతే. బాధగా ఉంది కాబట్టి మనం ఇంకా భద్రంగానే ఉన్నామనుకుంటాం.

చేయవలసింది: ఈ పని ఎంత చిన్నది అని కొలవడం మానేసి, ఇది ఎటు తీసుకెళ్తోందో చూడండి. ఆరు నెలల కిందట మీకు సిగ్గనిపించిన మాట, దృశ్యం, స్నేహం, లెక్కల్లో సర్దుబాటు ఇవాళ మామూలైపోయిందా? అయితే గుడారం కదిలింది. కదిలిందని తెలిశాక నెహెమ్యా 13వ అధ్యాయం చదవండి. నెహెమ్యా ఊళ్ళో లేనప్పుడు యాజకుడు ఎల్యాషీబు, యెరూషలేము గోడ కట్టే పనిని మొదటి నుంచీ అడ్డుకున్న టోబీయాకు మందిరపు ఆవరణలోనే ఒక పెద్ద గది ఇచ్చాడు. అది అంతకు ముందు నైవేద్యాలు, సాంబ్రాణి, దశమభాగాలు ఉంచే గది. ముందు గది ఖాళీ అయిందో, ముందు టోబీయా వచ్చాడో వాక్యం చెప్పదు, కానీ ఉండవలసినవి అక్కడ ఉంటే అతనికి చోటుండేది కాదు. నెహెమ్యా తిరిగొచ్చి మూడు పనులు చేశాడు: సామానంతా బయట పారేయించాడు, గదులు శుద్ధి చేయించాడు, మందిరపు పాత్రలను, నైవేద్యాలను తిరిగి లోపల పెట్టించాడు. మూడోది మనం తరచూ మరిచిపోతాం. ఫోన్‌లోంచి ఒక యాప్ తీసేస్తాం, ఆ గంటను మాత్రం ఖాళీగా వదిలేస్తాం. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటికి ఏమవుతుందో మత్తయి 12:43-45లో ప్రభువే చెప్పాడు.

లక్షణం: ఒక విషయం మాత్రం ఎవరికీ చెప్పలేకపోతున్నారు

మెసేజ్‌లు చెరిపేస్తున్నారు. ఎక్కడికి వెళ్ళారంటే సగమే చెబుతున్నారు. ప్రార్థనలో కూడా ఆ విషయం పక్కనుంచి నడిచిపోతున్నారు.

కారణం: రహస్యంలో ఉన్నంతకాలం శోధనకు బలముంటుంది. జెస్యూట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో వివేచన (మనసులోని ప్రేరణ ఎక్కడిదో గుర్తించడం) గురించి రాసిన నియమాల్లో, శత్రువైన సాతాను దొంగచాటు ప్రేమికుడిలా ప్రవర్తిస్తాడని, తన మాటలు గుట్టుగా ఉండాలనే కోరుకుంటాడని హెచ్చరించాడు. సమ్సోను గుట్టుగా ఆడిన ఆటలో ఇంకోటి గమనించండి (న్యాయాధిపతులు 16). అతని బలం రహస్యం కత్తిరించని జుట్టులో ఉంది. దాన్ని తెలుసుకోవాలని అడుగుతున్న దెలీలాకు, తనను కట్టేయాలంటే మొదట పచ్చి వింటినారలు కావాలని చెప్పాడు, తర్వాత కొత్త తాళ్ళు. మూడో అబద్ధంలోనే తన తల జడల దాకా వచ్చేశాడు. నిజం ఇంకా చెప్పలేదు, కానీ దాని గడప మీద నిలబడ్డాడు. చివరికి యెహోవా తనను విడిచిపెట్టిన సంగతి కూడా అతనికి తెలియలేదు.

చేయవలసింది: ఒక్కరికి చెప్పండి. పరిణతి ఉన్న, నోరు భద్రంగా ఉంచుకునే విశ్వాసికి, లేదా కాపరికి. వీలైతే ఇవాళే. "ప్రార్థన చేయండి, కొంచెం బలహీనతలో ఉన్నాను" అంటే చెప్పినట్టు కాదు. దానికి ఉన్న పేరుతోనే చెప్పండి. హెబ్రీ 3:13 ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకోమనడానికి కారణం కూడా అక్కడే ఇచ్చింది: పాపపు మోసం వల్ల హృదయం గట్టిపడిపోతుంది.

లక్షణం: మీరు కోరుకున్నదానికే వచనాలు దొరుకుతున్నాయి

ఈ పొరపాటు నేను చేశాను. నిర్ణయం ముందే జరిగిపోయింది, రాత్రుళ్ళు కూర్చుని దానికి తగిన వాగ్దానం వెతికాను. దొరికింది. దొరకడమే దేవుని జవాబనుకుని చాలా దూరం వెళ్ళాను.

కారణం: అపవాదికీ (సాతానుకూ) వాక్యం తెలుసు. మత్తయి 4:6లో యేసును శోధిస్తూ అతడు ఎత్తి చెప్పింది 91వ కీర్తనే. ఆ కీర్తన 11వ వచనంలో "నీ మార్గములన్నిటిలో" అనే మాట ఉంది, అతడు దాన్ని వదిలేశాడు. నడవవలసిన దారిలో కాపాడతానన్న మాటను, శిఖరం మీద నుంచి దూకడానికి అనుమతిగా మార్చాడు.

చేయవలసింది: వచనాన్ని దాని అధ్యాయంతో కలిపి చదవండి. ఆ తర్వాత మీ కోరికకు అడ్డొచ్చే వాక్యం కోసం కూడా అంతే శ్రద్ధగా వెతకండి. యేసు ఆ శోధనకు మరో వాక్యంతో (ద్వితీయోపదేశకాండము 6:16) జవాబిచ్చాడు. ఒక లేఖనాన్ని ఇంకో లేఖనం పక్కన పెట్టి చూడడం ఆయన చేసిన పనే.

లక్షణం: ఏ తప్పూ కనబడదు, కానీ ప్రార్థన ఎండిపోయింది

వెంటనే పాపం కోసం తవ్వకండి. ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దూత మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి భోజనం పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. దుఃఖం, అనారోగ్యం, అలసట కూడా మనిషిని ఎండగడతాయి. వారాల తరబడి తగ్గకపోతే వైద్యుణ్ణి కలవండి, అది విశ్వాస లోపం కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: ఈ స్థితిలో ఉన్నప్పుడు, మనసు తేటగా ఉన్న రోజుల్లో తీసుకున్న తీర్మానాన్ని మార్చకండి.

లక్షణం: పడిపోయాక "ఇక నీ పని అయిపోయింది" అనే స్వరం

కారణం: పడేదాకా "ఇది చిన్నదే" అన్న అపవాదే పడ్డాక "ఇది క్షమించరానిది" అంటాడు. పరిశుద్ధాత్మ ఒప్పించే తీరు వేరు. దావీదు రాజు ఉరియా భార్యను తీసుకుని అతన్ని చంపించాక, ప్రవక్త నాతాను దావీదు దగ్గరికి వచ్చినప్పుడు ఉరియా పేరు, అతని భార్య సంగతి, కత్తి సంగతి సూటిగా చెప్పాడు (2 సమూయేలు 12). దావీదు ఒప్పుకోగానే క్షమాపణ మాట కూడా చెప్పాడు. నేరం మోపేవాడి మాటల్లో ఫలానాది అని ఉండదు, బయటికి దారీ ఉండదు.

చేయవలసింది: ఏం చేశారో పేరు పెట్టి ఒప్పుకోండి (1 యోహాను 1:9), నష్టపోయినవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. యేసు పట్టుబడిన రాత్రి శిష్యుడు పేతురు ఆయన్ను దూరదూరంగా వెంబడించాడు, తర్వాత శత్రువుల మంట దగ్గర చలి కాచుకున్నాడు, ఆయన్ను ముమ్మారు ఎరగనన్నాడు. యోహాను 18:18లో అది బొగ్గుల మంట. యేసు తిరిగి లేచాక, 21:9లో, ఒడ్డున పేతురు కోసం మళ్ళీ బొగ్గుల నిప్పులే ఉన్నాయి, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. ప్రభువు అతనికి ముందు భోజనం పెట్టాడు. "నన్ను ప్రేమిస్తున్నావా?" అనే ప్రశ్న తర్వాత అడిగాడు, మూడుసార్లు.