మొదటిసారి నేరుగా గింజలతో బీరు కాచేవాళ్లకి

ఎక్స్‌ట్రాక్ట్ (డబ్బాలో వచ్చే మాల్ట్ పాకం) కిట్లతో నాలుగైదు సార్లు బీరు కాచి, సీసాల్లో నింపి, ఇప్పుడు ఆల్-గ్రెయిన్‌లోకి, అంటే నేరుగా గింజలతో కాయడంలోకి దిగాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. దిగండి. మూడు గిన్నెలు, పంపులు, స్టాండు ఉన్న పెద్ద పెద్ద సెటప్పుల ఫొటోలు చూసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నేనూ రెండేళ్లు అలాగే ఆగిపోయాను. నిజానికి 10 గ్యాలన్ల స్టీల్ గిన్నె ఒకటి, అందులో పట్టే బట్ట సంచి ఒకటి, నమ్మదగ్గ థర్మామీటర్ ఒకటి, చల్లార్చడానికి నీళ్లు పారే రాగి గొట్టం చుట్ట ఒకటి ఉంటే చాలు. మిగతావి చాలావరకు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

నేను టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడి షాపుల్లో అంతా పౌండ్లు, గ్యాలన్లు, ఫారెన్‌హీట్, అందుకే లెక్కలు అలాగే ఇస్తున్నాను. చట్టం సంగతి కూడా ముందే చెప్పేస్తాను. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది, ఒక్కరున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200, అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. మన ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, కాబట్టి అక్కడున్నవాళ్లు దీన్ని చదివి ఊరుకోండి, ప్రయత్నించకండి.

ఎక్స్‌ట్రాక్ట్‌కీ దీనికీ తేడా ఏమిటంటే ఒక్క గంట పని. డబ్బాలో వచ్చే ఆ చిక్కటి పాకం ఎవరో ఫ్యాక్టరీలో మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, ఇగరబెట్టి పంపింది. ఆ నానబెట్టే పని ఇప్పుడు మీరు చేస్తారు, దాన్నే మ్యాష్ అంటారు. మా అమ్మమ్మ చోళ్లు (రాగులు) మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరేది. మామూలు చోడి పిండితో జావ కాస్తే గరిటె నిలబడేంత చిక్కగా వస్తుంది, అదే కొలతలో మొలకల పిండి వేస్తే పల్చగా, కాస్త తియ్యగా వస్తుంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని కోసి చక్కెర చేస్తాయి కాబట్టే అలా. బార్లీ మొలకెత్తించి ఆరబెట్టిందే మాల్ట్, మ్యాష్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే ఇక్కడ ఆ ఎంజైములకి నచ్చిన వేడిలో గంటసేపు కూర్చోబెడతాం.

ఆ వేడి ఎంత అన్నదే అసలు విషయం. 148 నుంచి 156 డిగ్రీల మధ్య అన్నమాట, అంటే 64 నుంచి 69 సెల్సియస్. పని చేసే ఎంజైములు ముఖ్యంగా రెండు. ఒకటి కింది వేడిలో చురుగ్గా ఉండి ఈస్ట్ తేలిగ్గా తినేసే చక్కెర చేస్తుంది, బీరు పల్చగా, డ్రైగా దిగుతుంది. ఇంకొకటి పై వేడిలో బాగా పనిచేసి ఈస్ట్ తినలేని చక్కెర కూడా మిగులుస్తుంది, నోట్లో నిండుగా ఉంటుంది. మొదటిసారి 152 పెట్టుకోండి, అది రెంటికీ మధ్య. 170 దాటితే ఎంజైములు చచ్చిపోతాయి, మళ్లీ చల్లార్చినా బతకవు, అందుకే గింజలు పోసేముందు థర్మామీటర్ రెండుసార్లు చూడమని చెప్పేది. ఆ థర్మామీటర్‌ని ముందురోజే ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్లలో ముంచి 32 చూపిస్తోందో లేదో సరిచూసుకోండి.

ఇక రెసిపీ. మొదటి బ్యాచ్ ఒకే మాల్ట్, ఒకే హాప్‌తో (హాప్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వు) చేయండి, ఏదైనా తేడా వస్తే ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. 5 గ్యాలన్ల బీరుకి అమెరికన్ టూ-రో పేల్ మాల్ట్ (లేత రంగు బార్లీ మాల్ట్) 10 పౌండ్లు, కాస్కేడ్ హాప్స్ 3 ఔన్సులు, యూఎస్-05 పొడి ఈస్ట్ ఒక ప్యాకెట్. కాస్కేడ్ 1972లో ఒరెగాన్ నుంచి విడుదలైన హాప్, నారింజ తొక్క గిల్లినట్టుండే ఆ వాసన అమెరికన్ పేల్ ఏల్ అనే బీరు రకానికి గుర్తుగా మారింది. పాత బ్యాచులు అలవాటై, పాత రెసిపీనే మార్చుకోవాలనుకుంటే, చిక్కటి పాకం ఎక్స్‌ట్రాక్ట్ పౌండుకి బదులు పేల్ మాల్ట్ పౌండున్నర లోపు, పొడి ఎక్స్‌ట్రాక్ట్ అయితే పౌండుకి ఒకటిముప్పావు పౌండ్ల లోపు వేసుకుంటే దగ్గరకి వస్తుంది.

గింజ నలగడం గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నా మొదటి బ్యాచ్ దెబ్బతిన్నది అక్కడే. షాపులో మర ఆడించి సంచిలో పోసిచ్చారు, నేను తెరిచి చూడకుండానే తెచ్చుకున్నాను. వేడి సరిగ్గా పట్టుకున్నాను, గంట ఉంచాను, తీరా హైడ్రోమీటర్ (ద్రవంలో చక్కెర ఎంతుందో చూపే గాజు గొట్టం) పెడితే అనుకున్నదానికి చాలా కింద, ఆ రోజంతా ఏం తప్పు చేశానా అని ఒకటే టెన్షన్. సంచి విప్పి పిప్పి చేతిలోకి తీసుకుని నలిపితే సగం గింజలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, లోపల తెల్ల పిండి అలాగే ఉంది. మర పళ్ల మధ్య సందు ఎక్కువగా ఉందన్నమాట. అందుకని షాపులోనే గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడండి. పైపొట్టు చీలి విడిగా కనపడాలి, లోపలి గింజ ఇడ్లీ రవ్వలా, కొంత ఇంకా సన్నంగా నలిగి ఉండాలి, ముట్టుకుంటే వేళ్లకి కొంచెం పిండి అంటాలి. గుండ్రంగా నిండు గింజలు కనిపిస్తుంటే మొహమాటపడకుండా రెండోసారి ఆడించమనండి. సంచి పద్ధతిలో, అంటే గిన్నెలో దించిన సంచిలోనే గింజలు నానబెట్టే పద్ధతిలో, వడపోత బట్టే చేస్తుంది కాబట్టి సన్నంగా నలిగినా అడ్డుపడదు. ఈ పద్ధతి ఆస్ట్రేలియా హోంబ్రూయర్ల చలవ, దీనివల్లే ఒక్క గిన్నెతో పని అయిపోతోంది. సంచి సన్నటి పాలియెస్టర్ వాయిల్‌ది, గిన్నె అంచు మీద మడిచి కట్టేంత పెద్దది తీసుకోండి.

నీళ్లు 8 గ్యాలన్లు. ఎక్కడిదీ లెక్క అంటే, గింజలు ముప్పావు గ్యాలన్ పైన పీల్చుకుంటాయి, గంట మరిగితే గ్యాలన్నుంపావు దాకా ఆవిరవుతుంది, అడుగున మడ్డితో అర గ్యాలన్ పోతుంది, చల్లారితే ఇంకాస్త తగ్గుతుంది, మిగిలిన 5 చిల్లర మీ బకెట్‌లోకి వస్తుంది. మీ గిన్నె, మీ మంట నాలాంటివి కావు, అందుకే ముందు ఆదివారం ఊరికే నీళ్లు పోసి గంట మరిగించి ఎంత తగ్గిందో కొలుచుకుంటే ఎంతో మేలు. మున్సిపల్ నీళ్లలో శుద్ధికి కలిపే క్లోరమిన్ ఉంటే బీరుకి ఆసుపత్రి వాసన పడుతుంది, మరిగించినా అది సరిగా పోదు. క్యాంప్డెన్ బిళ్ల (క్లోరమిన్‌ని విరిచే సల్ఫైట్ బిళ్ల) సగం నలిపి కలిపేయండి, ఒక బిళ్ల 20 గ్యాలన్లకి సరిపోతుంది. మీ ఊరి నీళ్లు బాగా గట్టివైతే సగం ఆర్ఓ నీళ్లు కొని కలపండి. నీళ్ల కెమిస్ట్రీ గురించి ఇంతకుమించి మొదటిసారి చదవకండి, అందులో మునిగితే బయటికి రారు.

నీళ్లని 157 దాకా కాచండి. గది వేడిలో ఉన్న 10 పౌండ్ల గింజలు పడగానే 5 డిగ్రీలు పడిపోయి 152 దగ్గర నిలుస్తుంది. గ్యాస్ బర్నర్ ఆరుబయటే పెట్టండి, గరాజ్ తలుపు తీశాంలే అనుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలు కావు. పిల్లలు, కుక్కలు ఆ చుట్టుపక్కలకి రాకుండా చూసుకోండి.

సంచిని గిన్నెలో దించి అంచుకి కట్టాక, గింజలు పోయడానికి ఒకరు, కలపడానికి ఒకరు ఉంటే బాగుంటుంది. ఒక్కరే అయితే ఉప్మాలో రవ్వ పోసినట్టే, ఒక చేత్తో ధారగా పోస్తూ ఇంకో చేత్తో ఆపకుండా కలపాలి, ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఉండ లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. నాలుగైదు నిమిషాలు అడుగుదాకా బాగా కలిపి, మూడు చోట్ల వేడి చూడండి. 150 నుంచి 154 లోపు ఉంటే మంట ఆర్పేసి, మూతపెట్టి, పాత రగ్గులు రెండు చుట్టేయండి. గంటలో రెండు మూడు డిగ్రీలు తగ్గితే ఏమీ కాదు, మాటిమాటికీ మూత తీసి చూసేవాళ్లకే ఎక్కువ తగ్గుతుంది. తప్పనిసరై మళ్లీ మంట పెట్టాల్సి వస్తే సంచి అడుగుకి తగలకుండా పైకి లాగి పట్టుకోండి, లేకపోతే బట్ట కరుగుతుంది.

ఇరవై నిమిషాలు అయ్యాక ఒక్కసారి మాత్రం మూత తీసి చూడండి, ఇది చూడాల్సిందే. పోసినప్పుడు మైదా కలిపిన నీళ్లలా తెల్లగా ఉన్నది తేటపడి తేనె రంగుకి తిరుగుతూ ఉంటుంది. స్పూనుతో కాస్త తీసుకుని చల్లార్చి నాలిక మీద వేసుకుంటే తీపి. ఏ చక్కెరా వేయకుండా ఆ తీపి రావడం మొదటిసారి చూసినప్పుడు నేను కాసేపు అలా నిలబడిపోయాను. గంట అయ్యాక అనుమానంగా ఉంటే అయోడిన్ పరీక్ష ఉంది కదా, స్కూల్లో అన్నం మెతుకు మీద వేసి నీలంగా మారడం చూసిందే. తెల్ల ప్లేటులో పొట్టు రాకుండా ఒక స్పూను వోర్ట్ (గిన్నెలోని ఆ తియ్యటి ద్రవం) వేసి ఒక చుక్క వదలండి. నీలం, నలుపు వస్తే ఇంకా పిండి ఉన్నట్టు, పావుగంట ఆగాలి. అయోడిన్ రంగు అలాగే ఉంటే పని అయిపోయినట్టు. ఆ ప్లేటులోది పారబోయండి, తిరిగి గిన్నెలో కలపకండి.

సంచి పైకి తీయడం బలమైన పని, తడిసిన గింజలు పది కిలోల దాకా తూగుతాయి. నిచ్చెనకి తాడు కట్టి లాగండి, లేదా గిన్నె మీద ఓవెన్ జాలీ పెట్టి దాని మీద కూర్చోబెట్టండి. గంజి వార్చినట్టు పది నిమిషాలు కారనిచ్చి, రబ్బరు గ్లవ్స్ వేసుకుని పిండండి. పిండితే వగరు వస్తుందని కొందరు భయపెడతారు, నాకు ఇన్ని బ్యాచుల్లో ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు గిన్నెలో 7 గ్యాలన్ల పైచిలుకు ఉండాలి, హైడ్రోమీటర్ 1.035 దగ్గర, అంటే 35 పాయింట్లు చూపించాలి. వోర్ట్‌ని కచ్చితంగా గది వేడికి చల్లార్చాకే కొలవండి, 150 డిగ్రీల వేడిలో పెడితే పదిహేను ఇరవై పాయింట్లు తక్కువ చూపించి మీ గుండె ఆగినంత పని చేస్తుంది. నిజంగానే తక్కువ వస్తే పొడి ఎక్స్‌ట్రాక్ట్ ఒక పౌండు కలపండి, ఈ కొలతలో ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది. అందుకే మొదటిసారి ఒక ప్యాకెట్ పక్కన ఉంచుకోమని అందరికీ చెప్తాను.

ఇక్కణ్నుంచి చాలావరకు మీకు తెలిసిందే. గంట మరిగించాలి. మొదటి పొంగు ఎక్స్‌ట్రాక్ట్ కంటే గట్టిగా వస్తుంది, పాలు కాచినట్టే పక్కనే ఉండి, పొంగగానే మంట తగ్గించి నీళ్లు చిలకరించండి. మరగడం మొదలవగానే హాప్స్ ఒక ఔన్సు, ఇంకో పావుగంట ఉందనగా ఒక ఔన్సు, మంట ఆర్పాక చివరిది. అసలైన కొత్త కష్టం చల్లార్చడం, ఎందుకంటే చాలా కిట్లలో సగమే కాచి చల్లనీళ్లు కలిపేవాళ్లం, ఇప్పుడు మొత్తం 6 గ్యాలన్లు మరుగుతూ ఉంది. రాగి చుట్ట కొనక తప్పదు. మా దగ్గర ఎండాకాలం కుళాయి నీళ్లే 80 దాటి వస్తాయి, 90 దాకా చుట్టతో దించి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొద్దున ఈస్ట్ వేస్తాను. శానిటైజ్ చేసిన బకెట్‌లో ఆ కొద్ది గంటలకి ఇప్పటిదాకా నాకు ఏ ఇబ్బందీ రాలేదు. పాలు వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగు ఎలా పాడవుతుందో ఇదీ అంతే, తొందరపడి వేడిలో ఈస్ట్ వేయడం కన్నా ఆగడమే మంచిది. 66 దగ్గర వేసి, రెండు వారాలు ఆ చుట్టుపక్కలే ఉంచండి.

అన్నీ కుదిరితే మొదటి గ్రావిటీ (ఈస్ట్ వేసేముందు హైడ్రోమీటర్ చూపే అంకె) 1.044, చివరికి 1.010 దగ్గర, ఆల్కహాల్ నాలుగున్నర శాతం. 1.038 వచ్చినా పారబోసే పని లేదు, తేలికపాటి బీరు అవుతుంది, బాగానే ఉంటుంది. కొలిచిన ప్రతి అంకె, ఎంత నీళ్లు, ఎంత వేడి, ఎంత తగ్గింది అన్నీ ఆ రోజే పుస్తకంలో రాసుకోండి. రెండోసారి ఇదే రెసిపీ మళ్లీ చేసి, ఒక్కటి మాత్రం మార్చండి, 152 బదులు 156 పెట్టి చూడండి. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి తాగితే నోటికి తేడా తెలుస్తుంది.

పిప్పి ఆ సాయంత్రమే కంపోస్టులో వేసేయండి, టెక్సాస్ ఎండకి మర్నాటికల్లా పులిసి వాసన కొడుతుంది. గుప్పెడు తీసి చపాతీ పిండిలో కలిపితే మా ఇంట్లో ఇష్టంగా తింటారు. గిన్నె అడుగున మిగిలిన హాప్స్ మడ్డి మాత్రం కుక్క అందుకోకుండా పారేయాలి, హాప్స్ వాటికి విషం. సంచిని తిరగేసి, సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, బాగా ఆరాకే మడతపెట్టండి.