వెల్ష్ మాటకు మూలం ఎలా వెతకాలి?

బ్రిటన్‌లోని వేల్స్ ప్రజల వెల్ష్ భాషలో విషాన్ని గ్వెన్‌విన్ అంటారు. ఈ ఒక్క మాట వెంటపడితే చాలు, ఆ భాషలో మిగతా మాటల మూలాలు వెతికే దారి కూడా తెలుస్తుంది.

1. ముందు నిఘంటువులో ఉండే రూపం పట్టుకోండి. వెల్ష్‌లో పక్కనున్న మాటను బట్టి మొదటి అక్షరం మారిపోతుంది. ‘అతని విషం’ అన్నప్పుడు గ పోయి వెన్‌విన్ అవుతుంది. ‘నా విషం’ అంటే ఙ్వెన్‌విన్! మనకు అక్షరమాలలో తప్ప కనబడని ఙ అక్కడి వాళ్ల నోట మామూలుగా పలుకుతుంది. వ-తో మొదలయ్యే మాట దొరక్కపోతే గ చేర్చి వెతకండి.

2. అర్థాలన్నీ చదవండి. వేల్స్ విశ్వవిద్యాలయ నిఘంటువు 2014 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం. ఇంగ్లిష్ అర్థాలు కూడా ఇస్తారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. గ్వెన్‌విన్‌కు అసూయ అనే అర్థం కూడా ఉంది.

3. ధ్వనులు ఎలా మారాయో చూడండి. అసలు పని ఇదే. రోమన్లు బ్రిటన్‌ను క్రీ.శ. 43 నుంచి సుమారు 410 దాకా ఏలారు. అప్పుడు వచ్చిన లాటిన్ మాట వెనేనుమ్. మొదటి వ కాస్తా గ్వ అయింది, దీర్ఘమైన ఏ ‘ఉయ్’ లాంటి ధ్వనిగా మారింది, చివరి ‘ఉమ్’ రాలిపోయింది. ఒక్క మాటతో నమ్మేయకండి, జతలు వెతకండి. గొలుసు: లాటిన్‌లో కతేన, వెల్ష్‌లో కద్విన్. ద్రాక్షసారా: వీనుమ్, గ్విన్. అలాగని గ్వ కనబడిన ప్రతిదీ అరువు మాట కాదు. గ్వింట్, అంటే గాలి, వెల్ష్ సొంత మాటే. లాటిన్ వెంతుస్‌కు చుట్టం మాత్రమే.

4. మూలభాషలో అప్పటి అర్థం కనుక్కోండి. వెనేనుమ్ అంటే మొదట్లో విషమొక్కటే కాదు. వెనేనుమ్ అనేవాడు మంచిదో చెడ్డదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఔషధాలూ వెనేనుమ్‌లే అని 2వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త గాయుస్ రాశాడు. మన ‘మందు’ అచ్చం ఇలాంటిదే: జ్వరానికీ మందే, పురుగులకూ మందే, వశం చేసుకోవడానికి ‘పెట్టేదీ’ మందే. వెనేనుమ్‌కు కూడా ప్రేమదేవత వీనస్ పేరుతో చుట్టరికం ఉందని, మొదట అది వలపు మందేనని భాషావేత్తలు అంటారు.

5. పోలికలు చూసి మోసపోకండి. గ్వెన్ అంటే తెలుపు, గ్వెనిన్ అంటే తేనెటీగలు. కుట్టే ఈగకూ విషానికీ ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తేనెటీగల పేరు లాటిన్‌ది కాదు, వెల్ష్ సొంతం.